వడ్లకు తేమ చూస్తారు.. గోడలకు చూసేదెవరు?

మేళ్లచెరువు: కొనుగోలు కేంద్రంలో వడ్ల కుప్పకు తేమ యంత్రం పెట్టి అంకె చూడనిదే కాంటా వేయరు. 17 శాతం దాటిందంటే మళ్లీ ఆరబోసుకోమంటారు. రైతు ఎంత మొత్తుకున్నా అంకె అంకే. అదే రైతు ఇంట్లో మోకాటి లోతు నీళ్లు నిలిచి పోయాక గోడలో తేమ ఎంత ఉందో చూసే యంత్రం లేదు, చూడాలన్న ఆలోచనా లేదు. నీళ్లు పోయిన వారానికి గిలాబు, పక్షానికి సున్నం, నెలకు రంగు. ఏడాది తిరక్కుండానే పెచ్చులు రాలడం, మూలల్లో నల్లగా బూజు పట్టడం, మళ్లీ సుతారికి కబురు పెట్టడం. మట్టిగోడల ఇళ్లలోనైతే నష్టం పెచ్చులతో ఆగదు. గోడే కూలుతుంది, కొన్నిసార్లు మనుషుల మీదే కూలుతుంది.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానను కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల వారు ఇప్పట్లో మరువలేరు. కోదాడ పట్టణంలో కాలనీలు నీట మునిగాయి. నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం వద్ద సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు పొంగి బొక్కలగడ్డ, మోతీనగర్ వంటి కాలనీల ఇళ్లను ముంచింది. విజయవాడలో బుడమేరు తెగి సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అంతకు ముందు 2009 అక్టోబరులో కృష్ణ పొంగినప్పుడు మన మట్టపల్లి నుంచి కర్నూలు దాకా నదిని ఆనుకుని ఉన్న ఊళ్లు ఎంత నష్టపోయాయో పెద్దలకు తెలుసు.

ఇలాంటప్పుడు సర్కారు చేసేది కొంత ఉంటుంది. విజయవాడలో బురద కడగడానికి ఫైరింజన్లు పెట్టారు. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు ఇచ్చారు. పాడైన ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు బాగు చేయించేందుకు ఒక కంపెనీతో ఒప్పందం కూడా చేసుకున్నారు. బురద పోయింది, సామాను వచ్చింది. గోడ లోపలికి ఇంకిన నీటి సంగతి మాత్రం ఎవరి లెక్కలోనూ రాలేదు. అది కంటికి కనిపించదు గనుక ఎవరూ అడగలేదు కూడా.

గోడ కూడా దీపపు వత్తే

ప్రమిదలో నూనె అడుగున ఉన్నా వత్తి కొస దాకా ఎక్కుతుంది. గోడ చేసే పనీ అదే. ఇటుకలో, మట్టిలో, గిలాబులో కంటికి ఆనని సన్నని రంధ్రాలుంటాయి. ఇంట్లో నీళ్లు మోకాలి వరకే వచ్చినా గోడలో తడి నడుము దాకా పాకుతుంది. నీళ్లు దిగిపోయాక పై పొర రెండు రోజుల ఎండకు తెల్లబడి ఆరినట్టే కనిపిస్తుంది. చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది. నీరు మాత్రం లోపలే ఉంటుంది. శంభులింగేశ్వర స్వామి తల మీద నీరు ఊరుతుందని ప్రసిద్ధి చెందిన ఊరు ఇది. రాతిలోకి నీరు రావడమంటే మేళ్లచెరువు వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన ముచ్చట కాదు.

గోడ ఎన్నాళ్లకు ఆరుతుందన్న దానికి ఇంజినీర్ల దగ్గర ఒక మోటు లెక్క ఉంది. అంగుళం మందానికి ఒక నెల. ఇది చలి దేశాల లెక్క. మన ఎండకు ఇంకా తొందరగానే ఆరవచ్చు, రెండు వైపులా గాలి తగిలే గోడైతే మరీ తొందరగా ఆరుతుంది. అయినా తొమ్మిదంగుళాల ఇటుక గోడకు నెలలే పడతాయి తప్ప రోజులు చాలవు. 2024లో వాన వచ్చింది సెప్టెంబరు 1న, దసరా వచ్చింది అక్టోబరు 12న. మధ్యలో గట్టిగా నలభై రోజులు. పండుగకు ఇల్లు అలంకరించుకోవాలని ఎవరికుండదు? కానీ ఆరని గోడ మీద దసరాకు వేసిన రంగు సంక్రాంతి దాకా నిలవడం కష్టం.

ఆ పైన ఉప్పు బాధ ఒకటి. మన నేలలోనూ నీళ్లలోనూ ఉప్పు ఎక్కువ. తడి బయటికి వస్తూ లవణాలను వెంట తెస్తుంది. నీరు ఆవిరైపోగా ఉప్పు గోడ పైపొరలో గడ్డకట్టి గిలాబును లోపలి నుంచి తోస్తుంది. గోడకు తెల్లని నూగు పట్టినట్టు కనిపించేది అదే. చాలామంది దాన్ని నీళ్లు పోసి కడుగుతారు. కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి కుంచెతో రాల్చి, ఊడ్చి, బయట పారబోయాలి.

పట్నాల్లో ఇదొక వృత్తి

తడిసిన ఇంటిని ఆరబెట్టడమే వృత్తిగా బతికేవాళ్లు అమెరికా వంటి దేశాల్లో ఊరూరా ఉంటారు. మన దగ్గర పెద్ద నగరాల్లో ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. వాళ్లు వచ్చీ రాగానే యంత్రం తిప్పరు. ముందు ఏ నీరు వచ్చిందో అడుగుతారు. కుళాయి పగిలి వచ్చిన నీరు ఒక రకం, వాడిన నీరు రెండో రకం, మురుగు గానీ వరద గానీ మూడో రకం. మన వాగు నీరు, చెరువు అలుగు నీరు ఇంట్లోకి వచ్చాయంటే అది మూడో రకమే. దొడ్డి, పెంట, కాలువ అన్నీ కలిసిన నీరు. అందుకే బురదను శుభ్రంగా కడిగాకే ఆరబెట్టడం మొదలుపెడతారు. బురద మీద ఆరబెడితే రోగాన్ని గోడకు అతికించినట్టే.

తర్వాత పెద్ద గొట్టం మిషనుతో నీళ్లు లాగేస్తారు. నేలబారున గాలి కొట్టే ఫ్యాన్లు పెడతారు. చివరకు గాలిలోని తేమను పట్టే యంత్రాన్ని తెస్తారు. దాని పని తీరు తెలియాలంటే కోదాడలో ఏ బ్యాంకు వెనక్కి వెళ్లినా చాలు. ఏసీ గొట్టం నుంచి చుక్కచుక్కగా నీళ్లు కారుతుంటాయి. ఆ నీళ్లు ఎవరూ పోసినవి కావు, గదిలోని గాలి నుంచి వచ్చినవి. చల్లని లోటా మీద చెమట పట్టినట్టు, చల్లని తీగ మీద గాలిలోని తేమ నీరుగా మారి బయటికి పోతుంది. తేమ పట్టే యంత్రం కూడా అంతే. అది నడిచేటప్పుడు తలుపులు మూసి ఉంచాలి, లేకుంటే మేళ్లచెరువు గాలినంతా ఆరబెట్టే పని దాని నెత్తిన పడుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది అరచేతిలో పట్టే చిన్న మీటరు. రెండు సూదులుంటాయి. గోడకు ఆనించి నొక్కితే లోపలి తడిని బట్టి అంకె చూపుతుంది. వడ్ల కేంద్రంలోని యంత్రానికి ఇది తమ్ముడనుకోవచ్చు. అలాగని ఆ యంత్రాన్ని తెచ్చి గోడకు పెడితే పని చేయదు. ఉప్పు పట్టిన గోడ మీద ఈ మీటరు కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. అందుకే పని తెలిసినవాళ్లు ఒక్క అంకెను నమ్మరు. అదే ఇంట్లో నీళ్లు తాకని గోడకు ఒకసారి పెట్టి చూస్తారు. తడిసిన గోడ అంకె రోజూ రాసుకుంటూ, అది పొడి గోడ అంకెకు దగ్గరయ్యే దాకా రంగు డబ్బా మూత తీయరు.

ఇంత సరంజామా పల్లెకు రాదు, వచ్చినా దాని ఖర్చు భరించేదెవరు? పైగా వాళ్ల ఇళ్లు చెక్కతోనూ పలుచని అట్టల్లాంటి గోడలతోనూ కట్టినవి, తడిసిన అట్టను కోసి పారేసి కొత్తది బిగిస్తారు. మన గోడను కోసి పారేయలేం. కానీ కొలిచి చూశాకే పూత వేయాలన్న వాళ్ల క్రమశిక్షణకు ఖర్చు లేదు. దానికి ప్లాస్టిక్ ముక్క చాలు. ఎరువు బస్తా లోపలి పలుచని కవరును శుభ్రంగా కడిగి తుడిచి, జానెడు పొడవు, జానెడు వెడల్పు ముక్క కోసి, గోడకు ఆనించి నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించాలి. ఒక రోజు ఆగి చూస్తే, కవరు లోపలి వైపు నీటి చుక్కలు పట్టి ఉంటే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే. మరో పదిహేను రోజులకు మళ్లీ చూడాలి. కింద ఒకటి, నడుము ఎత్తున ఒకటి, తడి తాకని గోడకు ఒకటి పెడితే తేడా ఇంట్లో పిల్లలకు కూడా తెలుస్తుంది.

వాన వెలిశాక కూలే గోడలు

మట్టి ఇళ్ల విషయం వేరు, ఇది ప్రాణాలతో పని. జోరు వానలో నిలబడ్డ గోడ, వాన వెలిసి ఎండ కాసిన రెండో రోజో మూడో రోజో కూలుతుంది. జనం దీన్ని విధి అనుకుంటారు. కారణం కంటి ముందే ఉంది. నీళ్లు దిగిపోయినా గోడ అడుగు ఇంకా నాని మెత్తగానే ఉంటుంది. పైన గూన పెంకులు, వాసాలు తడిసి బరువెక్కి ఉంటాయి. ఎండకు బయటి పొర గబగబా ఆరి బిగుసుకుని పగుళ్లిస్తుంది, లోపల బురద బురదగానే ఉంటుంది. బరువును మోసేది ఆ లోపలి మట్టే. ముప్పు తప్పిందని ఇంట్లోకి వచ్చి గోడ పక్కనే మంచం వేసుకుని పడుకున్న రాత్రే అది జారుతుంది.

గోడ ముందే కొన్ని గుర్తులిస్తుంది. అడుగున ఉబ్బుతుంది. నిన్న సన్నగా ఉన్న బీట ఇవాళ వేలు పట్టేంత అవుతుంది. మట్టి పెళ్లలు ఊరికే రాలుతుంటాయి. దూలం కొస గోడ నుంచి కదిలి కొత్త చెక్క కనిపిస్తుంది. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ ఇంట్లో పడుకోకూడదు. బడిలోనో, పంచాయతీ ఆఫీసులోనో, చుట్టాల ఇంట్లోనో నాలుగు రాత్రులు గడపడం నామోషీ కాదు. పగలు గోడకు ఊత కర్రలు పెట్టాలి. గోడ వెంట నిలిచిన నీళ్లు దూరంగా పోయేలా బాట తీయాలి, గోడ మొదట్లో మాత్రం తవ్వకూడదు. ఇంట్లో ఎత్తిన బురదను తెచ్చి గోడకు ఆనించి కుప్పపోసే అలవాటు చాలా చోట్ల ఉంది. అది గోడకు తడి గుడ్డ చుట్టడమే. బురద ఎంత దూరం పోస్తే అంత మేలు.

అన్నిటికంటే ప్రమాదమైనది మట్టిగోడకు సిమెంటు గిలాబు చేసిన ఇల్లు. చూపుకు పక్కా ఇల్లులా ఉంటుంది. నీరు అడుగు నుంచీ, పైకప్పు సందు నుంచీ లోపలికి పోతుంది గానీ, సిమెంటు పూత దాన్ని బయటికి రానివ్వదు. లోపల మట్టి అంబలిలా మారినా బయట పూత నున్నగానే ఉంటుంది. ఉబ్బు కనిపించదు, బీట కనిపించదు. గుర్తు ఇవ్వకుండా కూలే గోడ ఇదే. వేలి కణుపుతో కొట్టి చూస్తే డొల్ల మోత వచ్చిన చోట పూత మట్టిని వదిలేసిందన్నమాట. అక్కడ పూతను తీసేసి మట్టికి గాలి తగలనివ్వాలి. ఇది ఒక్కరు చేసే పని కాదు. ముందు ఊతలు పెట్టి, అనుభవమున్న సుతారిని పక్కన ఉంచుకుని చేయించాలి.

సిమెంటు ఫ్యాక్టరీలున్న ఊళ్లో సిమెంటును తప్పు పట్టడం ఏమిటని ఎవరైనా అనవచ్చు. తప్పు సిమెంటుది కాదు. పిల్లర్లకు, స్లాబుకు, ఇటుక గోడ బయటి వైపుకు దానికి సాటి లేదు. మట్టికి తోడు మాత్రం అది కాదు. మట్టిగోడకు మట్టి పూతో, సున్నం పూతో ఉండాలి. సున్నమంటే మనకు కొదవా? ఇక్కడి భూమి అంతా సున్నపురాయే, కాళ్ల కింది నాపరాళ్లు కూడా అదే జాతి. రాయిని 900 డిగ్రీల వేడిలో కాలిస్తే సున్నం, దానికి నీళ్లు కలిపి పూస్తే గాలిని పీల్చుకుంటూ మళ్లీ మెల్లగా రాయిగా మారుతుంది. ఆ పూత గుండా తడి ఆవిరై బయటికి పోగలదు. సున్నపు ఘాటుకు బూజు కూడా అంత తొందరగా పట్టదు. గానుగ సున్నంతో కట్టిన పాత మిద్దెలు చాలా వానలు చూసి కూడా నిలబడటానికి ఇదొక కారణం. ఇప్పుడు ఆ పని వచ్చిన సుతారులు తగ్గిపోయారు. తడిసిన గోడ ఆరే దాకా పెయింటూ పుట్టీ పక్కనబెట్టి, వట్టి సున్నంతో సరిపెట్టుకోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే.

ఇంట్లో అడుగుపెట్టే ముందు

కరెంటు మాట ముందు తేల్చుకోవాలి. నీళ్లలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టరాదు. లైన్‌మన్‌కు చెప్పి స్తంభం దగ్గరే సరఫరా ఆపించాలి, విద్యుత్ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912. తడిసిన బోర్డులు, గోడలోని వైరింగు ఎలక్ట్రీషియన్ చూడనిదే ఫ్యాను కూడా వేయవద్దు. మునిగిన మోటారు, స్టార్టరు, ఫ్రిజ్, టీవీ ‘పని చేస్తుందేమో’ అని ఒకసారి పెట్టి చూసే ఉబలాటమే వాటిని కాల్చేస్తుంది. ఆరబెట్టి పరీక్ష చేయిస్తే బాగయ్యేది, స్విచ్ వేస్తే చుట్టే మాడిపోతుంది.

కడిగే ముందు నీళ్లు వచ్చిన ఎత్తుకు గోడ మీద బొగ్గుతో గీత గీసి ఫోటో తీసి పెట్టుకోవాలి. నష్టం రాయడానికి వచ్చేసరికి అంతా శుభ్రంగా ఉంటే నమ్మించడం కష్టమవుతుంది. బ్లీచింగ్ పౌడరు వాడేవాళ్లు దాన్ని బాత్రూం యాసిడ్‌తో కలపకూడదు. ఆ రెండూ కలిస్తే ఊపిరి ఆడనివ్వని విషవాయువు పుడుతుంది.

గది ఆరడానికి బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయడం కొన్ని ఇళ్లలో ఉంది. బాలింత గది అలవాటు కాబోలు. మూసిన గదిలో కుంపటి నుంచి వాసన లేని విషపు గాలి వస్తుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆరడానికి కావలసింది వేడి కంటే గాలి. పొద్దెక్కి బయటి గాలి పొడిబారాక ఎదురెదురు తలుపులు, కిటికీలు తెరవాలి. సాయంత్రం చల్లబడగానే మూయాలి. రాత్రి వాన గాలికి తెరిచి ఉంచితే పగలు పోయిన తడి రాత్రి తిరిగొస్తుంది. కరెంటు సరిచేశాక ఫ్యానును గోడ వైపు కాక కిటికీ వైపు తిప్పి పెడితే లోపలి తడి గాలి బయటికి పోతుంది. బీరువా, సందూక, వడ్ల బస్తాలు గోడకు జానెడు ఎడంగా జరపాలి. బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది గనుక తడిసిన బట్టల మూటను విప్పకుండా ఒక మూలన పెట్టడమంత నష్టం లేదు. దూది పరుపు అలాగే ఎండబెడితే పైన ఆరుతుంది, నడుమ కుళ్లుతుంది. గలీబు విప్పి దూది బయటికి తీసి, ఆరబెట్టి, మళ్లీ ఏకించాలి. మురుగు నీళ్లలో నానిన పరుపైతే దాని మీద ఆశ వదులుకోవడమే మంచిది.

పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు తడిస్తే ఎండలో పరచకూడదు, ఇస్త్రీ చేయకూడదు. బలవంతంగా పుటలు విడదీస్తే చిరుగుతాయి. నిలబెట్టి నీడలో గాలికి ఉంచి, కాస్త ఆరాక పుటల మధ్య రాత లేని తెల్ల కాగితం పెడుతూ, అది తడిసినప్పుడల్లా మార్చాలి. అచ్చు కాగితం పెడితే దాని సిరా అంటుకుంటుంది, ఈ పేపరుతో సహా. ఫోటోలకు బురద అంటితే మంచినీళ్లలో మెల్లగా ముంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా పరచాలి.

ఇక దర్వాజలు. తడికి ఉబ్బి తలుపు పడకపోతే వెంటనే వడ్లాయనను పిలిచి చిత్రిక పట్టించేవాళ్లే ఎక్కువ. చెక్క పూర్తిగా ఆరితే చాలావరకు మునుపటి కొలతకు వస్తుంది. అంతవరకు తాడు కట్టి సర్దుకోవచ్చు. ఇప్పుడే చెక్కించుకుంటే ఎండాకాలానికి ఆ తలుపు సందులోంచి పక్కింటి పిల్లి రాకపోకలు సాగిస్తుంది.